బొంబాయిలో ఖోలీ, ఊళ్ళో ఇల్లు



ముంబైలోని కామాఠీపురాకు ఆ పేరు మనవాళ్ళ వల్లే వచ్చింది. 18వ శతాబ్దం చివరి నుంచి తెలంగాణ ప్రాంతం విడిచి వెళ్ళి, అక్కడ మట్టి తవ్వి, రాళ్ళు మోసి, నగరం కట్టిన కూలీలే కామాఠీలు. ఈనాటికీ అక్కడి గల్లీల్లో, వర్లీ చాళ్ళలో మన జిల్లాల కుటుంబాలు ఉన్నాయి. చిన్న ఖోలీలో అద్దెకుంటూ, ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలని కూడబెట్టేవారు ఎందరో. అయితే "బొంబాయిలో ఉన్నోళ్ళకు సర్కారు ఇల్లు రాదట" అనే మాట విని చాలామంది దరఖాస్తే పెట్టరు. ఇందులో నిజమెంతో చూద్దాం.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ఇస్తారు. ఇది తిరిగి కట్టవలసిన అప్పు కాదు. రేషన్ కార్డు ఉండాలి, సొంత పక్కా ఇల్లు ఉండకూడదు, దరఖాస్తుదారు ఆ ఊరివారై ఉండాలి. ఇల్లు ఇంటి ఆడమనిషి పేరున మంజూరవుతుంది.

చిక్కంతా "ఆ ఊరివారు" అన్నచోటే ఉంది. భర్త బొంబాయిలో కూలి చేస్తున్నా, భార్య ఊళ్ళో ఉండి, కార్డు అక్కడే ఉంటే ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటిల్లిపాదీ తాళం వేసి వెళ్ళిపోతే మాత్రం, విచారణకు వచ్చినవారికి నివాసం రుజువు చేయడం కష్టం. అద్దె ఖోలీ సొంత ఇల్లు కాదు. కానీ చాలు కూల్చి కట్టినప్పుడు సొంత ఫ్లాటు చేతికొస్తే, దాన్ని దాచి దరఖాస్తు పెట్టకూడదు.

మరో ముఖ్యమైన సంగతి. ఇందిరమ్మ ఇంటికి మొదటి విడత డబ్బు పునాది పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది. అందుకే పునాది ఖర్చు ముందే చేతిలో ఉంచుకోవాలి. వడ్డీ వ్యాపారి గడప తొక్కేముందు మహిళా సంఘంలో అప్పు దొరుకుతుందేమో అడగండి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఆశకొద్దీ పెద్దగా మొదలుపెడితే బిల్లు ఆగిపోతుంది.

సరిహద్దుకు అవతల, మహారాష్ట్ర పల్లెల్లో ఉన్న మన తెలుగువారికి ఘర్‌కుల్ ఉంది. అదే 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్. మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, దానికి తోడు ఉపాధి కూలి, మరుగుదొడ్డికి 12,000 ఇచ్చేలా ఆ పథకాన్ని రూపొందించారు. అవసరమైతే బ్యాంకు నుంచి 70,000 దాకా అప్పు తీసుకునే వీలు కూడా కల్పించారు. అయితే ఇంట్లో ఒక్కరు నెలకు 15,000కు మించి సంపాదిస్తున్నా అనర్హులే. ఈ హద్దు 2024కు ముందు 10,000 ఉండేది. బొంబాయి సంపాదన లెక్క ఇక్కడ నిజాయితీగా చెప్పాలి.

కాబట్టి పండక్కి ఊరికి వచ్చినప్పుడు మూడు పనులు చేయండి. రేషన్ కార్డులో ఇంటివారి పేర్లు సరిచూసుకోండి. జాగా కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో చూడండి. గ్రామసభ ఎప్పుడో పంచాయతీలో అడిగి, ఆ రోజు ఇంటివారు ఒకరైనా హాజరయ్యేలా చూడండి. జాబితా చదివేటప్పుడు లేచి అడిగే మనిషి లేకపోతే, పేరు జారిపోయినా తెలియదు. పేరు రాయిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.