బలార్ధం: శ్వాస గీసిన హద్దు

వ్యాయామం ఎంతవరకు చేయాలన్న ప్రశ్నకు నేడు మణికట్టుకు కట్టుకునే పరికరాలు అంకెల్లో జవాబు చెబుతుండగా, అటువంటివేవీ లేని ప్రాచీన కాలంలో భారతీయ వైద్యులు, గ్రీకు వైద్యులు కూడా శ్వాసనే కొలమానంగా తీసుకున్నారు.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయం వ్యాయామాన్ని బలార్ధం వరకే, అంటే ఎవరికున్న శక్తిలో వారు సగం మేరకే చేయాలని విధిస్తుంది. సగమైందని తెలిసేదెలాగన్న సందేహానికీ అక్కడే సమాధానముంది: హృదయంలోని వాయువు నోటిదాకా వచ్చినప్పుడు, అంటే ముక్కుతో తీసే ఊపిరి చాలక నోరు తెరవవలసి వచ్చినప్పుడు, బలార్ధం పూర్తయినట్టు. నుదుట, చంకల్లో, కీళ్ళ దగ్గర చెమట పట్టడం, నోరెండిపోవడం కూడా ఆయుర్వేద సంప్రదాయంలో దీనికి గుర్తులే. వాగ్భటుడి అష్టాంగ హృదయం ఈ సగాన్ని కూడా బలవంతులకు, నేయి, నూనెలతో కూడిన ఆహారం తినేవారికి, అదీ చలికాలంలోనూ వసంతంలోనూ మాత్రమే అనుమతించి, తక్కిన ఋతువుల్లో ఇంకా తగ్గించమంటుంది. శక్తికి మించి శ్రమించేవాడు ఏనుగును లాగబోయిన సింహంలా నశిస్తాడని చరకుడు హెచ్చరించాడు.

గ్రీకు వైద్యుల వైపు చూస్తే, క్రీ.శ. 129లో పెర్గమంలో, అంటే నేటి తుర్కియేలోని బెర్గామాలో, పుట్టిన గాలెన్ 157లో అక్కడి గ్లాడియేటర్లకు, అనగా ప్రేక్షకుల ముందు ఆయుధాలతో తలపడే యోధులకు, వైద్యుడయ్యాడు. చీలిన కండరాలనూ తెగిన స్నాయువులనూ దగ్గరగా చూసిన ఈ వైద్యుడు, శ్వాసలో మార్పు తేని కదలికను వ్యాయామమనే అనలేమన్నాడు. వృత్తి మల్లుల అతిపోషణను, అతిశ్రమను తీవ్రంగా విమర్శించి, పేదవాడికీ అందుబాటులో ఉండే చిన్న బంతి ఆటను మెచ్చుకుంటూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. సుశ్రుతుడికి శ్వాస వ్యాయామం ఆపవలసిన చోటును చూపితే, గాలెన్‌కు అది మొదలైన చోటును చూపింది. ఈ తేడాను గమనించకుండా ఇద్దరూ ఒకే మాట చెప్పారనడం తొందరపాటే అవుతుంది.

నోరు తెరవవలసి రావడమనే సుశ్రుతుడి గుర్తుకు నేటి శరీరధర్మశాస్త్రం కారణం చెబుతుంది. విశ్రాంతిలో నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి సరిపోయే మనిషికి, శ్రమ పెరిగి ఆ అవసరం సుమారు 35 లీటర్లకు చేరేసరికి ముక్కు దారి ఇరుకై నోరు తెరుచుకుంటుంది. శ్రమ ఇంకా పెరిగితే కండరాల్లో పుట్టే ఆమ్లాన్ని రక్తంలోని బైకార్బనేట్ విరిచేటప్పుడు అదనంగా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడానికి ఊపిరి ఒక్కసారిగా వేగమందుకుంటుంది. బలార్ధం గణితపరంగా సరిగ్గా సగం కాకపోవచ్చు గాని, మల్లుడికీ ముసలివాడికీ ఒకే అంకె పెట్టకుండా ఎవరి ఒంటిని వారికే కొలబద్ద చేయడం వైద్యంలో గొప్ప ఆలోచన.

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆ శ్రమను నాడి వేగంతో కొలుచుకోవచ్చు గాని, బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో గుండె వేగం మామూలుగా పెరగదు కనుక, నాడి లెక్క ఒక్కటే చూసుకుంటే వారు శ్రమను తక్కువగా అంచనా వేసుకునే ప్రమాదముంది. అటువంటివారు కూడా గమనించుకోదగిన గుర్తు ఇది: నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే శ్రమ మధ్యస్థం, నాలుగు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తే అది తీవ్రం.