వస్తానన్న బండి రాకపోతే

గూళ్ళు చంద్రికల నుంచి విడిపించి పెట్టుకున్నాం. పొద్దున వేలానికి శిడ్లఘట్టో రామనగరమో చేరాలి. రాత్రికి వస్తానన్న బండివాడు ఫోనెత్తడు. ఎవరో ఎక్కువ బాడుగ ఇస్తామన్నారు, అటు పోయాడు. ఈ బాధ మనదొక్కటే అనుకుంటాం గానీ, అమెరికాలో పెద్ద కంపెనీలదీ ఇదే పాట.

అక్కడ సరుకు పంపే కంపెనీలు టెండరు పిలిచి, ఒక్కో రూటుకు ఒక లారీ కంపెనీని ఖాయం చేసుకుంటాయి. బాడుగ కాగితం మీద ఉంటుంది. కానీ ఇన్ని లోడ్లు ఇచ్చి తీరతామని వీళ్ళు రాయరు, ప్రతి లోడూ ఎత్తుతామని వాళ్ళూ రాయరు. మొదటివాడు కాదంటే జాబితాలో రెండోవాణ్ణి అడగాలి, వాడూ కాదంటే మూడోవాణ్ణి. ఎవరూ రాకపోతే ఆ రోజు మార్కెట్ ధరే గతి. 2020 రెండో సగం నుంచి 2021 దాకా సరుకు ఎక్కువై లారీలు చాలలేదు. రాసుకున్న బాడుగకు రామన్నవాళ్ళు బాగా పెరిగారు.

ఎంఐటీలో ఆంజెలా అకోసెల్లా, క్రిస్ కాప్లిస్, యోసీ షెఫీ దీని మీద పరిశోధన చేశారు. 2020లో వచ్చిన ఆ వ్యాసం పేరే ‘ఏనుగులా, గోల్డ్‌ఫిష్‌లా?’. ఏనుగు ఏదీ మరచిపోదని, ఆ గాజుతొట్టి చేపకు ఏదీ గుర్తుండదని అక్కడి నానుడి. లారీలు సులువుగా దొరికే రోజుల్లో బాడుగ తెగ్గొయ్యకుండా మర్యాదగా చూసుకున్న కంపెనీని, లారీల కరువు వచ్చినప్పుడు వాళ్ళు గుర్తుంచుకుంటారా అని లెక్కలు తీశారు. చేపలేనని తేలింది. నిన్నటి మంచితనం లెక్కలోకి రాలేదు, ఇవాళ ఎలా నడుచుకుంటున్నారన్నదే వాళ్ళు చూశారు. (మనం ఛోటా హాథీ అనే బండ్లు కూడా ఆ లెక్కన చేపలేనేమో!)

తర్వాత 2022లో వాళ్ళే, బాడుగ మార్కెట్‌తో పాటు కదిలే ఒప్పందాలను పరిశీలించారు. డీజిలు ధరను బట్టి వేరేగా కొంత కలిపే పద్ధతి అక్కడ ముందు నుంచీ ఉంది.

అమెరికా లెక్కను మన ఊరికి అట్లే అతికించలేం. మన బండివాడు మేనమామ కొడుకే కావచ్చు. అయితే ఆ కంపెనీలకు లేని వీలు ఒకటి మనకుంది: చాకీ పురుగులు దించుకున్న రోజే గూళ్ళు విడిపించే రోజు దాదాపు తెలిసిపోతుంది. ఆ తేదీని మనం కడపటి రోజు దాకా బండివాడికి చెప్పం. తప్పు అక్కడుంది.

మా వీధిలో నలుగురం ఒకే రోజు చాకీ దించుకుంటాం. ఈసారి మూడు పంటల తేదీలు ముందే చెప్పేశాం, నలుగురి లోడూ ఒకే బండికి అన్నాం, డీజిలు పెరిగితే ఎంత కలపాలో కూడా మాట్లాడుకున్నాం. రెండు పంటలకు బండి వేళకు వచ్చింది. మూడోది ఉగాది ముందర, బండ్లకు గిరాకీ ఉండే వారంలో పడుతోంది.