గాజులదిన్నె జలాశయమున పుట్టి ప్రయాణము

పడవ యనగానే మన పాఠక సోదరీమణులకు గోదావరియో, కృష్ణయో, కొల్లేరో తలపునకు వచ్చును. కర్నూలు జిల్లాలోని గోనెగండ్ల యెవ్వరికిని తలపునకు రాదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమనగా ప్రత్తిచేలు, మగ్గములు, వేసవిలో బిందెల వరుసలు. వానకు మొగము వాచిన సీమ. అట్టిచోట పడవనెక్కి చేపలవేట చూచి వచ్చితిమని మేము టెలిఫోనులో పుట్టింటివారికి చెప్పగా, మా వదినగారు “ఎండదెబ్బ తగిలినదేమో, కొంచెము మజ్జిగ త్రాగింపుడు” అని మావారికి కబురు చేసినారు.

హంద్రినది మద్దికెర ప్రాంతమున పుట్టి కర్నూలుకడ తుంగభద్రలో కలియును. సంవత్సరములో పెక్కునెలలు ఇసుకయే గాని నీరు కానరాని యేరు. అయినను 2009 అక్టోబరులో తుంగభద్రతోపాటు తానును పొంగి కర్నూలు పట్టణమును ముంచినది గాన, దానిని చిన్నచూపు చూడరాదు. ఈ హంద్రికి గోనెగండ్ల మండలమున గాజులదిన్నెకడ కట్టవేసి జలాశయ మొనర్చిరి. ఈ జిల్లాలోనే పెద్దపాడున 1921లో జన్మించి, 1960 మొదలు 1962 వరకు ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రిగా నుండిన దామోదరం సంజీవయ్యగారి పేర దీనిని సంజీవయ్యసాగర మందురు. మొదటి నిర్మాణపు లెక్కలో దీని నిలువ 4.5 టి.యం.సి.లు, అనగా 450 కోట్ల ఘనపుటడుగుల నీరు.

అంక పెద్దదిగా తోచును గాని యీ నేల కొండలనడుమ లోయ కాదు. పళ్లెమువలె పఱచుకొన్న రేగడినేల. కట్టదగ్గర తప్ప నీరు లోతునకు పోక వెడల్పునకు పోయినది. పొలములకును త్రాగుటకును నీరు తీసిన కొలదియు అంచు దినదినమును వెనుకకు జరుగును. మొన్న కాలు కడుగుకొన్న రాయికడ నేడు మేకలు మేయుచుండును. ఆ రాతికిని నీటికిని నడుమ నుండునది బురద.

మావారు పనిచేయు బడిలో నొక బెస్తవారి బాలిక చదువుచున్నది. దాని తల్లి మాకు పరిచితురాలు. మా యింట చేప వండు వాడుక లేదని యామె యెఱుగును. అయినను “తినకపోతే పోయె, సూడనన్నా సూడు రా అయ్యవారమ్మా” అని రెండేండ్లుగా పిలుచుచున్నది. భారతమున సత్యవతి యమునలో పడవ నడిపెనని చిన్ననాడు మా నాయనగారికడ చదివితిమి. ఆ పడవను ప్రతిదినము నీటిలోనికి దించినదెట్లో, సాయంకాలము ఒడ్డునకు లాగినదెట్లో చదివిన జ్ఞాపకము మాత్రము లేదు. ఆ సంగతి ఫాల్గుణమాసమున నొక తెల్లవారుజామున గాజులదిన్నెలో తెలిసినది.

వారి పడవ పేరు పుట్టి. వెదురుబద్దలతో అల్లిన యాఱేడడుగుల గుండ్రని గంప యనుకొనుడు. పూర్వము దానికి తోలు కప్పెడివారు; నేడు గోనెపట్టాయు, ప్లాస్టిక్ పట్టాయు కప్పి, తారు పూయుదురు. ఊరి పేరులోను గోనె, పుట్టిమీదను గోనె యని మావారు చమత్కరించినారు. ఇది నేటి కల్పన కాదు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేయస్ అను పోర్చుగీసు యాత్రికుడు, ఆనెగొంది రేవున జనులు బుట్టలవంటి గుండ్రని పడవలలో తుంగభద్రను దాటుచుండిరనియు, లోపల అల్లికయు వెలుపల తోలును ఉండెననియు, పదునైదిరువదిమంది వరకు పట్టుదురనియు, నడుపునంతసేపు అవి తిరుగుచునే యుండుననియు వ్రాసియున్నాడు. ఐదువందల యేండ్లలో తోలుపోయి తారు వచ్చినది, తిరుగుట పోలేదు.

ఆమె భర్త పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకొని నడచుచుండగా, వెనుకనుండి చూచువారికి రెండుకాళ్ల తాబేలు పోవుచున్నట్లుండెను. ఆమె వల మూటను భుజమునను, తెడ్డును చేతను పట్టుకొన్నది. మేము చీర మోకాలివరకు ఎగదోపి వెంట నడచితిమి. మొదట పగుళ్లువాఱిన నేల. పిదప చీలమండ మునుగు బురద. ఆ పిమ్మట పిక్కలవరకు. కాలు తీయుటకే రెండుచేతుల సాయము కావలసివచ్చెను. “ఒకేచోట నిలబడొద్దమ్మా, నిలబడితే గుంజుకుంటది” అని యామె వెనుదిరుగకయే హెచ్చరించుచుండెను. మోకాటిలోతు నీటికి చేరుసరికి అరగంట పట్టినది. అడుగున దూలమున్న కఱ్ఱపడవ అయినచో అచ్చట కదలదు. పుట్టికి అడుగు సమము. జానెడు నీరున్న చాలును, తేలును. ఈ పల్లపు చెఱువునకు అది తప్ప వేఱు పడవ పనికిరాదు.

ఎక్కుటయే యొక విద్య. ముందుగా ఆమె యెక్కి ఒకప్రక్క మోకాళ్లమీద కూర్చుండెను. ఎదుటిప్రక్క వల మూట. తరువాత మేము. “అంచుమింద కాలు పెట్టొద్దు, నడిమద్దెన పెట్టు. కూసున్యాక లేయొద్దు.” చెప్పినట్లే చేసితిమి గాని, గుండెలలోని చప్పుడు తెడ్డుచప్పుడును మించియుండెను. భర్త నడుములోతువరకు త్రోసికొనివచ్చి, అరచేతులు అంచున ఆనించి చప్పున లోనికి దుమికెను. పుట్టి యొకమాఱు వాలి సర్దుకొన్నది. మావారు ఒడ్డుననే యుండిరి. బరువు చాలునని ఆమెయే తీర్పు చెప్పినది.

తెడ్డు పట్టినది ఆమె. వల తీసినది అతడు. పుట్టికి ముందు వెనుకలు లేవు. ప్రక్కన తెడ్డు వేసినచో బొంగరమువలె తిరుగును. ఆమె తెడ్డును తన యెదుటనే నీటిలో దించి, కుడియెడమలకు త్రిప్పుచు తనవైపునకు లాగుచుండెను. పుట్టి ఇటు కొంత, అటు కొంత తిరుగుచు ముందునకే సాగినది. మేము తెడ్డు పుచ్చుకొని ప్రయత్నించితిమి. నాలుగు చుట్లు తిరిగి, బయలుదేఱిన చోటనే యుంటిమి. దంపతులు నవ్వు నాపుకొనుట మాకు కనబడకపోలేదు.

వల ముందటి సాయంకాలమే వేసినది. పైత్రాటికి బెండ్లు, క్రిందిత్రాటికి సీసపుగుండ్లు కట్టగా, నైలాను వల నీటిలో గోడవలె నిలుచును. చీకటిలో దానిని కానక చేప తల దూర్చును. వెనుకకు తీయబోగా మొప్పలు చిక్కుకొనును. కన్ను పెద్దదైన చిన్నచేప తప్పించుకొని మఱుసటేటికి పెరుగును. కన్ను చిన్నదైన రేపటి కూడు నేడే పోవును. అతడు చేతికిచేయి మార్చుచు వల నెత్తుచుండగా, ఆమె పుట్టిని వలవెంటనే, త్రాడు బిగియకుండ, సడలకుండ నడిపినది. ఒక మూరెడు తప్పినను మునిగియున్న తుమ్మమోడునకు తగిలి వల చిరుగును. ఆ వల అప్పుతో కొన్నది. అప్పిచ్చినవాడే చేపలు కొనును. ధర చెప్పువాడును వాడే.

ఆనాడు పడినవి యెనిమిది రాగండులు, రెండు బొచ్చెలు, గంపెడు జిలేబిచేపలు. ఈ రాగండి, బొచ్చె, ఎర్రమోసు జాతులు నిలిచిన చెఱువునీట గ్రుడ్లు పెట్టవు. పాఱు వరదనీరు కావలెను. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు, చేపతలలోని పిట్యుటరీ గ్రంథిసారమును సూదిద్వారా నెక్కించి తల్లిచేపలచే గ్రుడ్లు పెట్టించెను. పిల్లలను పెంచి జలాశయములలో వదలుట నాటినుండి సులభమయ్యెను. జిలేబికి ఇట్టి సాయ మక్కఱలేదు. ఆఫ్రికా దేశపుదగు నీ చేప 1952లో మనదేశమునకు వచ్చినది. మగచేప అంచులలోని పలుచని నీట గుండ్రని గుంట త్రవ్వును. ఆడచేప అందు గ్రుడ్లు పెట్టి, వానిని నోటనుంచుకొని, పిల్లలై యీదువరకు మేతకైనను సరిగా నోరు విప్పదు. నీటిలో చేపల సంసారమును చూచి సౌభరిముని తపస్సు మాని పెండ్లియాడెనని భాగవతమున చదివినప్పుడు నవ్వుకొంటిమి. వలలోని జిలేబి నోటినుండి ఆవగింజలవంటి పిల్లలు జారుట చూచినప్పుడు నవ్వు రాలేదు. ఆమె వానిని దోసిట పట్టి నీటిలో వదలినది.

ఎండ యెక్కుసరికి పడమటిగాలి లేచెను. లోతులేని నీటికి గాలి తగిలిన ఓర్పుండదు. చూచుచుండగనే పొట్టియలలు లేచి పుట్టి అంచుదాటి లోపల పడసాగెను. ఆమె మాటలాడుట మానినది. అతడు సత్తుగిన్నెతో నీరు తోడుచుండెను. ఒడ్డు ఎదుటనే కనబడుచున్నది, మావారి గొడుగు కనబడుచున్నది, అయినను చేరుటకు గంటకుపైగా పట్టినది. ఆఖరున బురదలో దిగి, ఆమె భుజము పట్టుకొని, చెప్పులనేగాక ధైర్యమునుగూడ అచ్చటనే వదలి గట్టెక్కితిమి.

“నీళ్లు తక్కువే గదా, పడినను లేచి నిలువవచ్చును గదా” అని మేము ఒడ్డున అంటిమి. ఆమె చాలసేపు ఊరకుండి, పోయిన ఆషాఢపు సంగతి చెప్పినది. గాలికి పుట్టి బోర్లపడినది. నీరు రొమ్ములోతే. నిలువబోగా కాళ్లు తొడలవరకు బురదలో దిగినవి. ఆమెకు ఈత వచ్చును. కాని కాలు ఊడిరానిదే యీదుట యెట్లు? బోర్లపడిన పుట్టి అంచు పట్టుకొని ఇద్దఱు ఒకరినొకరు లాగుకొని బయటపడిరి. లైఫ్ జాకెట్టు ఇద్దఱికిని లేదు. “లోతుంటే బాగుండుననిపించిందమ్మా ఆ పొద్దు” అన్నది. ఆ మాట మా చెవిలో నింకను ఉన్నది.

అప్పుడు మావారు, మత్స్యకారులకు ప్రమాదబీమా ఉండవలెనే యని యడిగినారు. 2020లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో, వేటలో మరణించినవారి కుటుంబమునకు 5 లక్షలును, కొంత అంగవైకల్యము కలిగిన 2.5 లక్షలును ఇచ్చు ఏర్పాటు గావించిరి. భర్త పేరు సంఘపు పుస్తకములో నున్నది. ఆమె పేరు లేదు. పదునాలుగేండ్లుగా ఒకే పుట్టిలో, ఒకే గాలిలో పోవుచున్నారు. పుట్టి మునిగిన, ప్రభుత్వపు లెక్కలో మునుగువా డొక్కడే! ఇదేమి లెక్కయని మాకు కోపము వచ్చినది. ఆమెకు రాలేదు, ఎప్పుడును ఎవ్వరును అడుగలేదట, తానును అడుగలేదట.

ఆ ఆదివారము ఆమె కూతురుతో మా యింటికి వచ్చినది. దరఖాస్తు మావారు వ్రాయుచుండగా మేము ప్రక్కన కూర్చుంటిమి. వృత్తి యనుచోట ఏమి వ్రాయవలెనని యడిగిన, “నేను చేపలు పట్టను గదమ్మా, తెడ్డేస్తానంతే” అన్నది. తెడ్డు లేనిదే వల నీటిలోనికి పోవునా యని మేమడుగగా నవ్వి, మీ యిష్టమన్నది. ‘చేపలవేట’ అని వ్రాసితిమి. ఆమె కూతురు నేర్పిన అక్షరములతో, నాలుగు నిమిషములు పట్టి, సంతకము చేసినది. కాగితమును నీరు తగులకుండ ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని తీసికొనిపోయినది. వచ్చు సమావేశమున చూతుమని సంఘమువారు చెప్పిరట. ఈ వ్యాసము వ్రాయునాటికి ఆ సమావేశ మింకను జరుగలేదు. ఆషాఢమునకు మూడునెలలున్నది.