మూడు పొరల మిఠాయి బిస్కత్తు



ఈ ప్రసంగము పేరు విని కొందఱు నవ్వుకొందురేమో. ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులు, సమాసములు చెప్పి యిపుడు పింఛను పుచ్చుకొనుచున్న పండితునకు బిస్కత్తులతో నేమి పని యని వారి సందేహము. పని కలదు. మనవి చేసెదను.

అంగళ్లలో అమ్ము మిఠాయి కడ్డీలను ఇంగ్లీషున "క్యాండీ బార్" లందురు. ఈ క్యాండీ పరాయిది కాదు. సంస్కృతమున ఖండమనగా చక్కెర గడ్డ. ఆ శబ్దమే పారసీక, అరబ్బీ భాషల మీదుగా ఫ్రెంచిలోనికి, అటనుండి ఇంగ్లీషులోనికి పోయి క్యాండీ యైనది. షుగర్ అను మాటకును మన శర్కరయే మూలము. అట్లు పోయిన ఖండము నేడు రంగుకాగితము చుట్టుకొని మన పిల్లల చేతులలోనికి మరల వచ్చినది.

అట్టి కడ్డీలలో "ట్విక్స్" అనునది యొకటి. బ్రిటనులో 1967వ సంవత్సరమున మార్స్ వారు దీనిని మొదట తయారుచేసిరి. 1979లో అమెరికాకు పోయెను. ఐరోపాఖండమందలి పెక్కు దేశములలో 1991 వరకు దీని పేరు "రైడర్". అడుగున కరకరలాడు బిస్కత్తు, దానిపై కారమెల్ అను సాగుడు పాకము, ఆ రెంటిని గప్పి చాక్లెట్టు పూత: ఇదియే దాని నిర్మాణము. ఇంటి పొయ్యిమీద సాధ్యము కాని దిందులో నేదియు లేదు.

మా అమ్మాయి సంసారము గ్లాస్గో నగరమున నున్నది. మే మచట కొన్ని నెలలు గడపినపుడు, తొమ్మిదేండ్ల మా మనుమరాలు తన మిఠాయి కడ్డీని విఱిచి సగము అమ్మమ్మకు బెట్టబోయెను. "ఇందులో గ్రుడ్డు కలిసినదేమో, తల్లీ" అని మా ఇంటావిడ చేయి వెనుకకు దీసికొనెను. పిల్ల యేమియు అనక ఆ ముక్కను కాగితములో చుట్టి దాచెను. సముద్రములు దాటిన సంసారములలో ముసలివారికిని పసివారికిని నడుమ గోడలు లేచుట యిట్టి చిన్న సంగతులతోనే. పెద్దావిడ శంక నిష్కారణమును గాదు. బ్రిటనులో అమ్ము మార్స్ కడ్డీలో గ్రుడ్డు తెల్లసొన పొడి కలదు. ఆ సంగతి పై కాగితముమీదనే యుండును. 2007 మే నెలలో అచటి మార్స్ వారు, దూడ కడుపునుండి తీయు రెన్నెట్ అను పదార్థముతో పాలు విఱిచి తీసిన తేటను తమ మిఠాయిలలో వాడుదుమని ప్రకటించిరి. శాకాహారులు వేలకొలది అభ్యంతరములు తెలుపగా ఆ నెలలోనే నిర్ణయమును మార్చుకొనిరి. ఇంట జేసికొన్న మిఠాయికి ఈ చిక్కు లేదు. మొదటి పొర యగు షార్ట్‌బ్రెడ్డుకు గ్రుడ్డుతో నసలు పనియే లేదు.

చక్కెర యొక పాలు, వెన్న రెండు పాళ్లు, మైదా మూడు పాళ్లు: ఇది స్కాట్లండు గృహిణుల పాత లెక్క. 75 గ్రాముల చక్కెర, 150 గ్రాముల వెన్న, 225 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు తీసికొన్నచో రెండు డజనుల బిళ్లలగును. ఇచట "షార్ట్" అనగా పొట్టి యని కాదు. గుల్ల యని యర్థము. మైదాలోని మాంసకృత్తులు తడి తగిలి, పిసికినకొలది సాగెడి జిగురుగా మాఱును. పూరీకి ఆ జిగురు కావలెను, దీనికి కూడదు. వెన్న పిండి రేణువులను గప్పి తడిని సోకనీయదు. కజ్జికాయల పిండికి నెయ్యి పట్టించుటయు నిందులకే. కావున చల్లని వెన్నను వ్రేళ్ల కొనలతో పిండిలో నలిపి, యిసుకవలె నైన పిమ్మట ముద్దగా అదుమవలెనే కాని మర్దింపరాదు. అరగంట చల్లని చోట నుంచి, చిటికెనవ్రేలి మందమున వత్తి, గ్లాసు అంచుతో బిళ్లలుగా కోసి, 160 డిగ్రీల ఓవెనులో సుమారు ఇరువది నిమిషములు కాల్పవలెను. అంచులు లేత బంగారు వన్నె కాగానే తీయవలెను. వేడిమీద మెత్తగా నున్నవని మరల లోపల పెట్టువారు కలరు, అది తొందరపాటు. చల్లారిన పిదపనే గట్టిపడును.

ఇక కారమెల్. ఈ వంటలో బుద్ధి పెట్టవలసిన దిచటనే. చిక్కని తీపి డబ్బాపాలు 200 గ్రాములు, వెన్న 75, గోధుమవన్నె చక్కెర 75 గ్రాములు దళసరి గిన్నెలో వేసి సన్ననిసెగపై ఆపక కలియబెట్టవలెను. ఆపినచో నడుగంటును. తడి యిగిరిపోయినకొలది పాకము వేడి పెరుగును. కాబట్టి వేడిమిని కొలుచుటయు పాకము ముదురును కొలుచుటయు నొక్కటే. దొరలు గాజుకొలబద్ద ముంచి 116 డిగ్రీలని చూతురు. కొలబద్ద లేనివారు చల్లని నీటిలో నొక చుక్క విడిచి, వ్రేళ్లతో జేర్చి, మెత్తని యుండ యైనచో చాలు నందురు. మా ఇంటావిడ మనుమరాలి ప్రక్కన నిలుచుండి యా నీటి పరీక్ష చూచి, "ఏమండీ, ఇది మన అరిసెల పాకమే కదా!" అనెను. అదియే. మనవారు లేతపాకము, తీగపాకము, ఉండపాకము, ముదురుపాకము అని పేర్లు పెట్టి యేనాడో యేర్పఱచిన మెట్లే యివి. కంచముపై వేసినపుడు టక్కుమను ముదురుపాకము పప్పుచెక్కకు తగును. ఇచట పండ్లకు శత్రువు. నాటినుండి ఆ యింట పాకము చూచు నధికారము అమ్మమ్మది, గరిటె త్రిప్పు నధికారము మనుమరాలిది యయ్యెను. అయినను దించి పోయునపుడు పిల్లలను దూరముగా నుంచవలెను. మరగు నీటికన్న వేడియైన యీ పాకము చర్మమునకు అంటుకొని వదలదు.

ఒక సూక్ష్మము. ఉత్త చక్కెర మాడి యెఱ్ఱబాఱుటకు 160 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. మన పాకము 116 దాటదు. మఱి ఆ వన్నె యెక్కడిది? పాలలోని మాంసకృత్తులు, చక్కెరలు వేడిలో కలిసి పుట్టించినది. 1912లో మయార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వివరించెను. పాలకోవాకు ఎఱ్ఱని వన్నెయు, కమ్మని వాసనయు నిట్లే వచ్చును.

గోరువెచ్చని పాకమును బిళ్లలపై చెంచాతో పఱచి, ఆఱిన పిదప చాక్లెట్టు పూయవలెను. చాక్లెట్టులోని కోకో వెన్న ఆఱు విధములుగా గడ్డకట్టగలదు. అందు నైదవదే మెఱుపును, విఱిచిన టక్కుమను గుణమును గలది. అది 34 డిగ్రీల యొద్ద కరగును. నోటి వేడిమి అంతకు మించినది గనుకనే చాక్లెట్టు నాలుకపై కరగుచున్నది. ఆ రూపము రావలెనన్న, 150 గ్రాముల నల్ల చాక్లెట్టులో మూడింట రెండు పాళ్లు వేడినీటి గిన్నెపై నుంచి 45 డిగ్రీల వఱకు కరగించి, దించి, మిగిలినదానిని సన్నగా తఱిగి కలుపుచు 31 లేక 32 డిగ్రీలకు చల్లార్పవలెను. నీటిబొట్టు పడినచో ముద్దకట్టును. ఈ శ్రమ పడనివారి బిస్కత్తులపై కొన్నాళ్లకు బూడిదవన్నె చారలు తేలును. అది బూజు కాదు, నిర్భయముగా తినవచ్చును.

నేడు భారతదేశమున కోకో పంటకు ఆంధ్రప్రదేశమే ముందున్నది; గోదావరి జిల్లాలలో కొబ్బరితోటల నీడలో దీనిని పెంచుచున్నారు. గింజ యిచట పండినను, పూత మాత్రము మన యెండకు నిలువదు. చలికాలమున మూతగట్టి డబ్బాలో వారము దినము లుంచవచ్చును. వేసవిలో చాక్లెట్టును మాని, రెండు బిళ్లల నడుమ కారమెల్ నుంచి అదిమి, ఆ పూటకు ఆ పూట చేసికొనుట మేలు.