మలుపులో ఒరిగే పాత కారుకు ఉక్కు కడ్డీ ఆసరా!

ఎత్తుగా గడ్డి వేసిన బండి మలుపు తిరుగుతుంటే పక్కన నడిచే రైతు గుండె గుబేలుమంటుంది. బండి ఒక పక్కకు ఒరుగుతుంది. భారమంతా ఆ పక్క చక్రం మీదే పడుతుంది. పాత కార్లకూ ఇదే తంటా. తిన్నటి రోడ్డు మీద పల్లకీలా సాగే కారు, మలుపు రాగానే పక్కకు వాలిపోతుంది.

ఈ ఒరుగుడుకు విరుగుడు ఒక ఉక్కు కడ్డీ. దాని పేరు స్టెబిలైజర్ బార్. స్వే బార్ అన్నా, యాంటీ రోల్ బార్ అన్నా ఇదే. కారు అడుగున ఈ పక్క చక్రం నుంచి ఆ పక్క చక్రం దాకా అడ్డంగా ఉంటుంది. నడుమ భాగాన్ని రబ్బరు బుష్‌లతో చాసిస్‌కు బిగిస్తారు. వంచిన రెండు కొసలనూ చెరో చక్రం వైపు తగిలిస్తారు. రెండు చక్రాలూ ఒకేసారి గుంతలో దిగితే కడ్డీకి పనే లేదు. కారు ఒక పక్కకు ఒరిగితే మాత్రం తడిబట్ట పిండినట్లు మెలిపడుతుంది. ఆ మెలిక విప్పుకోవాలని చూస్తుంది. ఆ బలమే కారును నిలబెడుతుంది.

కడ్డీ లేక రచ్చకెక్కిన కారు

ఈ కడ్డీ విలువేమిటో అమెరికాలో షెవ్రొలే కోర్వెయిర్ కారు కథ చెబుతుంది. 1960 మోడల్‌గా వచ్చిన ఈ కారుకు ఇంజను వెనక ఉంటుంది. బరువులో ఎక్కువ పాలు వెనక చక్రాల మీదే. ముందు కడ్డీ ఉంటే మలుపులో భారం ముందు చక్రాలు పంచుకుని వెనక భాగం విసురు తగ్గేది. కానీ మొదట్లో కంపెనీ కడ్డీ అమర్చలేదు. దానికి బదులు ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పౌండ్ల చొప్పున గాలి ఉంచాలని చెప్పింది. ఈ తేడా తెలియక అన్నిటికీ సమానంగా గాలి కొట్టించినవారికి చిక్కే! 1964 మోడల్‌కు గానీ ముందు కడ్డీ అన్ని కార్లకూ రాలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఈ కారును దుయ్యబట్టాడు. ఆనాటి మిగతా కార్ల కన్నా ఇది ఎక్కువగా అదుపు తప్పేదేమీ కాదని 1972లో అక్కడి ప్రభుత్వ నివేదిక తేల్చింది. అప్పటికే, 1969లో, కారు తయారీ ఆగిపోయింది.

లావు పెరిగితే లాభమేనా?

పాత కారుకు లావు కడ్డీ వేయించాలనుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 మిల్లీమీటర్లది వేస్తే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అదే 25 మిల్లీమీటర్లదయితే దాదాపు రెండున్నర రెట్లు! కాబట్టి ఒక మెట్టు పెంచి చూడాలి తప్ప ఒకేసారి గెంతకూడదు.

ముందు కడ్డీ మరీ బిగువైతే స్టీరింగు తిప్పినా కారు తిన్నగానే పోజూస్తుంది. వెనక కడ్డీ మరీ బిగువైతే తోక విసురుతుంది. వానలో తడిసిన రోడ్డు మీద రెండోదే ఎక్కువ ప్రమాదం. అందుకే వెనక ఒక్కదాన్నే లావు చేయడం మంచిది కాదు.

గతుకుల రోడ్ల సంగతి వేరు. ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపును కడ్డీ రెండో చక్రానికీ చేరవేస్తుంది. కడ్డీ ఎంత లావైతే కుదుపు అంత ఎక్కువ.

ముందు ఇవి చూడండి

2014లో తయారీ ఆగిన అంబాసిడర్‌ను ఇంకా నడుపుతున్నవారైనా, మరే పాత కారు ఉన్నవారైనా కొత్త కడ్డీ కొనే ముందు ఉన్న సరంజామా చూసుకోవాలి. బుష్‌లు అరిగాయా? షాక్ అబ్జార్బర్లు కారుతున్నాయా? వెనక కమాను పట్టీల్లో ఏదైనా విరిగిందా? టైర్లలో గాలి సరిగా ఉందా? చాలాసార్లు జబ్బు ఇక్కడే దొరుకుతుంది. కడ్డీ బిగించే చోట చాసిస్ తుప్పు పట్టి ఉంటే ముందు దాన్ని బాగుచేయించాలి. లేకుంటే కొత్త కడ్డీ లాగుడుకు అక్కడే చీలిపోతుంది. కడ్డీని కాల్చి వంచడం, వెల్డింగు పెట్టడం అసలే పనికిరాదు. ఉక్కు పదును పోయి మలుపులోనే విరగవచ్చు.

ఇంత చేసినా కడ్డీ ఆపేది ఒరుగుడునే. అరిగిన టైరుకు అది కొత్త పట్టు తెచ్చిపెట్టదు. మలుపు రాకముందే జోరు తగ్గించాల్సింది డ్రైవరే.