కొత్తగా జిమ్ముకు పోయేవారి బట్టలూ బూట్లూ

తిరువళ్ళూరులోనూ, తిరుత్తణిలోనూ ఇప్పుడు బజారు వీధుల్లో మేడమీద జిమ్ము బోర్డులు కనబడుతున్నవి. మన పెద్దవాళ్ళు గరిడి అనేవారు, తాలింఖానా అనేవారు. పేరు మారింది, పోయేవారూ మారారు. ఒకప్పుడు పెళ్ళికాని పిల్లకాయలు పోయేచోటికి ఇప్పుడు డాక్టరు మాటమీద తండ్రులు పోతున్నారు, తల్లులూ పోతున్నారు. పెద్దవాళ్ళు నడకతోబాటు వారానికి రెండురోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కాబట్టి డాక్టర్లను తప్పుపట్టనక్కరలేదు. చేరుదామని నిశ్చయించుకున్న మరునాడే పుట్టే ప్రశ్న, ఏం వేసుకొని పోవాలన్నది.

పాతకాలపు వస్తాదుకు ఈ ప్రశ్న లేదు. గోచి బిగించి, వొంటికి నూనె రాసుకొని, ఎర్రమట్టి గోదాలో దిగేవాడు. కర్లాకట్ట, సంగిడిరాయి వుంటే చాలు. దండీలకూ బస్కీలకూ అదికూడా అక్కరలేదు. వీరఘట్టంలో పుట్టి, కలియుగ భీముడని దేశమంతటా పేరుపొంది, 1942లో కన్నుమూసిన కోడి రామమూర్తినాయుడుగారు ఆ గరిడీల్లో తయారైనవారే. ఇప్పుడు అంగడికి పోతే గోడనిండా వ్రేలాడేవి చూసి కళ్ళు తిరుగుతాయి. చేతికి తొడుగు, మణికట్టుకు పట్టీ, నడుముకు తోలుబెల్టు, మోకాటికి గుడ్డ, తలకు బ్యాండు! అంగడివాడు అరవంలో గుక్కతిప్పుకోకుండా చెబుతాడు, చీటీమీద ఇంగ్లీషులో రాసివుంటుంది, మనం తెలుగులో లెక్కవేసుకోవాలి.

మా ఆఫీసులో ఒకాయన చేరకముందే ఏడువేల రూపాయల సామాను కొన్నాడు. పదకొండు రోజులు పోయాడు. ఆ బెల్టు ఇప్పుడు వాళ్ళింట్లో గ్యాసు బండ వెనకాల వున్నదట. ఆయనను నవ్వడానికి చెప్పడంలేదు. సామాను కొనడంతోనే పని సగమైనట్టు తోచే బుద్ధి అందరిలోనూ వున్నది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దుడ్డు ఖర్చుపెట్టదలిస్తే మొదట బూట్లకు పెట్టండి. ఆడవారైతే బూట్లకూ లోపలి కట్టుకూ. బట్టలు చాలావరకు ఇంట్లోనే వున్నవి. తక్కినవి మూడునెలలు విడవకుండా పోయిన తరువాత చూసుకోవచ్చు.

గుడ్డ సంగతి మనవాళ్ళకు నేర్పవలసిన పని లేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట ప్రాంతాల్లో మగ్గం చప్పుడు మధ్య పెరిగినవాళ్ళు ఎందరో ఈ పత్రిక చదువుతారు. అయితే కట్టుకునే గుడ్డ వేరు, చెమటలో నానే గుడ్డ వేరు. నూలు గాలిలోని తేమనే తన బరువులో నూటికి ఎనిమిదిపాళ్ళదాకా పీల్చుకుంటుంది. పాలియెస్టరు ఒక పాలు కూడా పీల్చదు. అందువల్ల నూలు బనియను చెమట తాగి బరువెక్కి వొంటికి అతుక్కుంటుంది, ఆరదు. పాలియెస్టరు చెమటను పైకి నెట్టి తొందరగా ఆరుతుంది. కాని చర్మపు జిడ్డును పట్టుకుని వదలదు, ఆ జిడ్డుమీద సూక్ష్మజీవులు చేరి వాసన పుట్టిస్తాయి. మన వైపు గాలిలో తేమ ఎక్కువ, చెమట తనంతట ఆరే రోజులు తక్కువ. కాబట్టి సైకిలు తొక్కి, పరుగెత్తి చెమటోడ్చేవారికి సన్నని పాలియెస్టరు చొక్కా సుఖం. ఫ్యానుకింద ముప్పావుగంట బరువులెత్తేవారికి పాత తిరుప్పూరు బనియనే చాలు, ఇంకొకటి సంచిలో పెట్టుకుపోయి మార్చుకుంటే సరి. చీటీమీద స్పాండెక్సు అనో ఎలాస్టేను అనో వుంటే అది సాగే దారం. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు కనిపెట్టారు. నూటికి అయిదు, పది పాళ్ళు కలిస్తే గుడ్డ వొంటితోబాటు వంగుతుంది.

కొలత చూసుకొనే పద్ధతి ఒకటే. అంగడిలోని అద్దం ముందు నిలబడితే ఏమీ తెలియదు. గొంతుక్కూర్చోండి, రెండు చేతులూ తలపైకెత్తండి, ముందుకు వంగి కాలివేళ్ళు తాకండి. తొడ దగ్గర కుట్టు పట్టినా, నడుము జారినా, చొక్కా బొడ్డుపైకి లేచినా ఆ జత మనది కాదు. లుంగీ, పంచె మాత్రం కూడదు. నడకపట్టీ యంత్రంలో, అంటే ట్రెడ్‌మిల్లులో, వ్రేలాడే కొస చిక్కుకుంటే మనిషిని ఈడ్చేస్తుంది. పాంటు చీలమండ దగ్గర బిగువుగా వుండాలి. ఆ యంత్రానికి ఒక తాడూ, తాడు చివర క్లిప్పూ వుంటాయి. దాన్ని మీ చొక్కాకు తగిలించుకుంటే, మీరు తూలి వెనక్కు పోగానే తాడు వూడి యంత్రం ఆగిపోతుంది. నేను చూసినంతవరకు పదిమందిలో ఒక్కరు కూడా దాన్ని తగిలించుకోరు.

ఇక ఆడవారి మాట. తిరుత్తణిలో మా పెద్దొదినకు నలభైఎనిమిదేళ్ళు. చక్కెర వ్యాధి బయటపడి రెండేళ్ళయింది. బరువులెత్తే కసరత్తు మేలుచేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. దగ్గరి జిమ్ములో పొద్దున పదిగంటలనుంచి ఆడవారికి మాత్రమే వేళ కేటాయించారు. అయినా ఎనిమిది నెలలు ఆమె గడపదాటలేదు. "ఈ వయసులో పాంటు తొడుక్కొని వీధిలో పోతే నలుగురూ ఏమనుకుంటారురా?" అన్నది. మందు బిళ్ళలు ఒకటినుంచి రెండయినవి గాని, ఆ మాట మారలేదు. చివరికి దారి చూపింది దర్జీ. పాత చుడీదారుల్లో రెంటికి చంకలో పలకముక్క వేసి, పొడుగు మోకాలిపైకి కత్తిరించి, కింద సాగే గుడ్డతో పాంటు కుట్టాడు. పైటలాంటి దుపట్టా ఇంట్లోనే వదలమన్నాడు. ఇప్పుడు వారానికి మూడురోజులు పోతున్నది.

లోపలి కట్టు మాత్రం ఇంట్లోదాంతో సరిపెట్టకూడదు. పరుగులోనూ గెంతులోనూ అదిరే వొంటిని గట్టిగా పట్టివుంచే స్పోర్ట్స్ బ్రాలు వేరే వస్తున్నవి. వెడల్పైన భుజపట్టీలు, రొమ్ము కింద గట్టి పట్టీ వుండాలి. పట్టీకింద రెండువేళ్ళు దూరితే చాలు. ఊపిరాడనంత బిగువు తప్పు, సులువుగా పైకి జరగడమూ తప్పే. పెద్దవాళ్ళు దీన్నిగురించి మాట్లాడరు గనుక ఎన్నో ఇళ్ళలో ఆడపిల్లలు భుజాలు నొప్పెట్టి మానుకుంటారు.

బరువులెత్తడం ఆడవారికి తగదనేవారికి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరిగారిని చూపించవచ్చు. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయినారు. వొళ్ళు కప్పుకోవాలన్న కోరిక వెనకబాటుతనమేమీ కాదు. కుల్సూమ్ అబ్దుల్లా అనే అమెరికా లిఫ్టరు చేతులూ కాళ్ళూ కప్పుకొని పోటీ చేస్తానని అడిగితే, అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య 2011లో నియమాన్నే సవరించింది. మోచేయీ మోకాలూ నిటారుగా సాగాయో లేదో తీర్పరులకు కనబడేలా వొంటికి అంటిన గుడ్డ అయితే చాలన్నారు. ప్రపంచ పోటీలోనే అంత వెసులుబాటు వుంటే మన వీధి జిమ్ములో దేనికి జంకు?

నగల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఉంగరం ఇనుపకడ్డీకి పట్టుకొని వేలిచర్మాన్ని ఊడలాక్కొనే ప్రమాదమున్నది. గాజులు పగులుతాయి. ఇవి ఇంట్లో పెట్టి పోవాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పనివారు గొలుసును లోపలికి దోపి పిన్నీసు పెట్టుకుంటే వంగినప్పుడు వ్రేలాడదు. మెట్టెలతో బూటు తొడిగితే పక్కవేలు వొరుసుకుని పుండుపడుతుంది. చక్కెర వున్నవారు ఆ పుండును తేలికగా చూడరాదు.

అసలు ఖర్చు బూట్లది. తిరుత్తణి కొండ మూడువందల అరవైఐదు మెట్లూ వుట్టికాళ్ళతో ఎక్కుతున్నాం గదా, జిమ్ముకు బూట్లెందుకని మా చినమామ వాదన. కొండమీద ఎవరూ కాలిమీద పదికిలోల ఇనుపచక్రం పడవేయరు. పరుగు బూటుకు మెత్తని మందపు అట్ట వుంటుంది, నడకకూ పరుగుకూ అది మేలు. బరువులెత్తేటప్పుడు అదే మెత్తదనం పరుపుమీద నిలబడినట్టు కాలిని వూగిస్తుంది. అప్పుడు అట్ట చదునుగా, గట్టిగా వుండాలి. పిల్లలు బడికి తొడుక్కొనే తెల్ల కాన్వాసు బూటు ఆ పనికి చక్కగా సరిపోతుంది, ధరా తక్కువే. రెండుపనులూ చేసేవారు మరీ మెత్తనిది కాని ఒక్కజత కొంటే సరి. సాయంకాలం పోయి కొనండి, పొద్దున్నకంటే అప్పటికి పాదం కాస్త ఉబ్బివుంటుంది. తొడగబోయే మేజోళ్ళు వెంట తీసుకుపోండి. నిలబడితే పొడుగువేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ మిగలాలి, మడమ మాత్రం లేవకూడదు. నాలుగురోజుల్లో సాగుతుందని అంగడివాడంటే లేచి రండి. పాదంలో స్పర్శ తగ్గినవారు లోపల చేయిపెట్టి కుట్టు గుచ్చుతున్నదేమో తడిమి చూడాలి, ఇంటికొచ్చి రోజూ పాదం అడుగు చూసుకోవాలి.

చేతితొడుగులు లేకుంటే నష్టం లేదు, అరచేయి కాయకాస్తుంది అంతే. నడుము బెల్టు కడుపులో వొత్తిడి పెంచి వెన్నుకు ఆసరా ఇస్తుంది గాని, అది బాగా బరువెత్తేవారి సంగతి. మొదటి నెలల్లో బరువు తగ్గించి పద్ధతి నేర్చుకోవడం దానికంటే మేలు. తుండుగుడ్డ, నీళ్ళసీసా ఇంటినుంచే వస్తాయి. తుండు బల్లమీద పరచడానికొకటి, మొహానికొకటి.

ఇంటికి రాగానే తడిబట్టలు సంచిలో వదలకండి. తిరగేసి వెంటనే వుతికి నీడలో ఆరవేయండి. పరిమళం కోసం పోసే ద్రవాలు పాలియెస్టరుమీద పొరకట్టి చెమట లాగే గుణాన్ని చెడగొడతాయి. బూట్లు మండుటెండలో పెడితే అతుకులు విడుతాయి. లోపల పాత వార్తాపత్రిక వుండచుట్టి దోపి, గాలితగిలే కిటికీ దగ్గర పెడితే తెల్లవారేసరికి ఆరివుంటాయి.