పెట్రోలు కారుకు గ్యాసు కిట్టు: పొదుపు వెనుక చిక్కులు

పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ కారు యజమానుల చూపు గ్యాసు కిట్ల వైపు మళ్ళడం మన దేశంలో మూడు దశాబ్దాలకు పైగా కనిపిస్తున్న వ్యవహారమే. లీటరు పెట్రోలు కంటె లీటరు ఎల్‌.పి.జి. చౌక అన్న ఒక్క లెక్క మీదనే ఎందరో తమ వాహనాలను మెకానిక్కులకు అప్పగించారు. డిక్కీలో ఒక ట్యాంకు, ఇంజను పక్కన వేపరైజరు, డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి. ఇంతటితో పని పూర్తయినట్లే కనిపిస్తుంది. అసలు చిక్కులు ఆ తరువాత మొదలవుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగకపోవడం, దారి మధ్యలో ఇంజను ఆగిపోవడం, వాల్వులు అరిగిపోవడం వంటి యాంత్రిక సమస్యలు ఒకవైపు, రిజిస్ట్రేషను, బీమా తగాదాలు మరొకవైపు యజమానిని చుట్టుముడతాయి. వీటన్నింటికీ మించినది ప్రాణాపాయం. కిట్టు సక్రమమైనదయితే వీటిలో చాలా భాగం నివారించదగినవే. కాని సక్రమమైన కిట్టుకూ, చౌకగా దొరికే కిట్టుకూ మధ్య తేడాను గుర్తించేవారు తక్కువ.

నల్లబజారు నుంచి చట్టం దాకా

1990లో గల్ఫ్ సంక్షోభం తలెత్తి పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగినప్పటి నుంచి ఈ మార్పిడికి గిరాకీ హెచ్చింది. అప్పట్లో వాహనాలలో ఎల్‌.పి.జి. వాడకానికి చట్టసమ్మతి లేదు. ఆ గ్యాసు నింపే బంకులు అసలే లేవు. అయినా అంబాసిడర్, ఫియట్ టాక్సీలు, మారుతి ఓమ్ని వ్యాన్లు పలు నగరాలలో వంటగ్యాసుతోనే తిరిగాయి. సబ్సిడీ మీద గృహిణులకు అందవలసిన 14.2 కిలోల బండ నల్లబజారులో టాక్సీ డ్రైవరు చేతికి చేరేది. గ్యాసు కనెక్షను కోసం సామాన్యులు ఏళ్ళ తరబడి నిరీక్షిస్తున్న కాలంలో ఈ మళ్ళింపు సాగడం గమనార్హం.

1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2000లో సవరించిన తరువాతనే ఎల్‌.పి.జి., సి.ఎన్‌.జి. వంటి ఇంధనాలకు అనువుగా వాహనాలను మార్చుకోవడానికి స్పష్టమైన వీలు కలిగింది. మోటారు వాహనాలలో ఎల్‌.పి.జి. వినియోగాన్ని క్రమబద్ధం చేస్తూ 2001లో కేంద్రం ఉత్తర్వు జారీ చేసింది. కిట్ల ప్రమాణాలను కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో చేర్చారు. వాహనాల కోసం ప్రత్యేకంగా ‘ఆటో ఎల్‌.పి.జి.’ అనే ఇంధనానికి భారతీయ ప్రమాణాల సంస్థ వేరే ప్రమాణం నిర్ణయించింది. వంటింటి బండను వాహనానికి వాడటం మాత్రం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. నిత్యావసర సరుకుల చట్టం కింద 2000లో జారీ అయిన ఎల్‌.పి.జి. సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు దానిని నిషేధించింది.

ఇంజనులో జరిగేది

ఎల్‌.పి.జి. ప్రధానంగా ప్రొపేన్, బ్యుటేన్ వాయువుల మిశ్రమం. దీని ఆక్టేన్ విలువ పెట్రోలు కంటె అధికం. అందువల్ల ఇది ఇంజనుకు ఏ విధంగానూ అనర్హమైన ఇంధనం కాదు. పైగా మసి తక్కువ కనుక ఇంజను ఆయిలు త్వరగా నల్లబడదు. అయితే పెట్రోలు కోసం రూపొందిన ఇంజనులో ఈ గుణాలు పూర్తిగా అక్కరకు రావు. గ్యాసు ఆవిరి రూపంలో సిలిండరులోకి చేరేటప్పుడు గాలి ఆక్రమించవలసిన చోటును కొంత ఆక్రమిస్తుంది. ఫలితంగా శక్తి కొంత తగ్గుతుంది. నిండుగా మనుషులతో, ఏ.సి. వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కే చిన్న కారులో ఈ లోటు స్పష్టంగా తెలుస్తుంది.

రెండవ చిక్కు వేపరైజరుది. ట్యాంకులో ద్రవ రూపంలో ఉన్న గ్యాసు ఆవిరి కావాలంటే వేడి అవసరం. ఆ వేడిని రేడియేటరుకు వెళ్ళే వేడినీటి నుంచి తీసుకుంటారు. నీరు తగ్గినా, గొట్టంలో గాలి చేరినా వేపరైజరు మంచు కట్టి గ్యాసు సరఫరా నిలిచిపోతుంది. మండు వేసవిలో సైతం వేపరైజరు మీద మంచు పేరుకోవడం చూసి యజమానులు ఆశ్చర్యపోవడం కద్దు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు మీద స్టార్టు చేసి, వేడెక్కిన తరువాతనే గ్యాసుకు మార్చవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడింది.

మూడవది ‘బ్యాక్‌ఫైర్’. పాత మిక్సరు రకం కిట్లలో గాలి, గ్యాసు ముందుగానే కలిసి ఇన్‌టేక్ గొట్టమంతా నిండి ఉంటాయి. స్పార్కు ప్లగ్గు బలహీనపడినా, టైమింగు తప్పినా ఆ మిశ్రమం ఇంజను బయటనే అంటుకుంటుంది. ఎయిర్‌ఫిల్టరు డబ్బా పగిలిపోవడం, ప్లాస్టిక్ మ్యానిఫోల్డు బీటలు వారడం దీని పర్యవసానాలే. గ్యాసు మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలు కంటె బలమైన నిప్పురవ్వ కావాలి. కనుక పెట్రోలుతో సాఫీగా నడిచే కారు గ్యాసు మీద తడబడితే ముందుగా ప్లగ్గులు, వైర్లు, కాయిలు చూడటం అనుభవజ్ఞులైన మెకానిక్కుల పద్ధతి.

నాలుగవది వాల్వు సీట్ల అరుగుదల. సీసం కలిపిన పెట్రోలులోని సీసమే పాత ఇంజన్లలో వాల్వు సీట్లకు రక్షణ పొరగా పనిచేసేది. 1995లో నాలుగు మహానగరాలలో ప్రవేశించిన సీసరహిత పెట్రోలు 2000 నాటికి దేశమంతటా అమలయింది. మెత్తని లోహపు సీట్లు గల ఇంజన్లకు పొడి ఇంధనమైన గ్యాసు మరింత కఠినమైనది. గ్యాసు పాలు తక్కువై గాలి ఎక్కువైతే దహనపు వేడి కూడా పెరుగుతుంది. పొదుపు పేరిట గ్యాసును అతిగా బిగించి ‘ట్యూను’ చేయించుకునేవారు చివరకు సిలిండరు హెడ్డు మరమ్మతుకు చెల్లించుకుంటారు.

ఇంజెక్షను రకం కార్లలో సమస్య రూపం మారుతుంది. వీటిలో ఆక్సిజన్ సెన్సరు, కంప్యూటరు కలిసి ఇంధన మోతాదును నిర్ణయిస్తాయి. దీనికి తగిన సీక్వెన్షియల్ ఇంజెక్షను కిట్టు అమర్చకుండా పాత మిక్సరు కిట్టునే తగిలిస్తే కంప్యూటరు లెక్క తప్పి హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతుంది. పెట్రోలు ట్యాంకును దాదాపు ఖాళీగా ఉంచి గ్యాసు మీదనే నడిపే అలవాటు మరొక పొరపాటు. ట్యాంకులో మునిగి ఉండే పెట్రోలు పంపుకు ఆ పెట్రోలే చల్లదనం. అది లేనప్పుడు పంపు కాలిపోతుంది.

బండకూ ట్యాంకుకూ తేడా

వాహనానికి నిర్ణయించిన ట్యాంకులో 80 శాతానికి మించి ద్రవం నింపకూడదు. ఎండకు ద్రవం వ్యాకోచించినప్పుడు మిగిలిన చోటే రక్షణ. నింపేటప్పుడు ఈ హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు, గొట్టం తెగితే ప్రవాహాన్ని అడ్డుకునే వాల్వు, పీడనం హెచ్చితే విడుదల చేసే వాల్వు ట్యాంకు మీద అమర్చి ఉంటాయి. వాల్వుల చుట్టూ గ్యాసు చొరబడని పెట్టె, దాని నుంచి కారు బయటికి గాలి గొట్టాలు ఉండాలి. స్టెప్నీ చోట ఇమిడే గుండ్రని ట్యాంకులు సైతం ఇదే నిబంధనకు లోబడినవి.

వంటింటి బండకు ఈ ఏర్పాట్లలో ముఖ్యమైనవేవీ లేవు. అది పొయ్యికి నెమ్మదిగా ఆవిరిని అందించడానికి నిలువుగా నిలబెట్టేది. కారు ఇంజనుకు కావలసిన మోతాదు కోసం దానిని తలకిందులు చేసి ద్రవాన్ని లాగుతారు. లేదా చేతిపంపుతో, మోటారుతో బండ నుంచి కారు ట్యాంకుకు ఎక్కిస్తారు. ఈ పని సాధారణంగా ఇరుకు సందులలో, మూసిన షెడ్లలో సాగుతుంది. ఎల్‌.పి.జి. గాలి కంటె బరువైనది. కారిన గ్యాసు పైకి పోక నేల మీద పరుచుకుని గుంటలలో, సెల్లారులలో నిలుస్తుంది. ద్రవం ఆవిరయితే దాదాపు 250 రెట్లు వ్యాపిస్తుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, ఒక స్విచ్చి నిప్పురవ్వకే మండుతుంది. పాఠశాల పిల్లలను కిక్కిరిసి ఎక్కించుకునే వ్యాన్ల సీటు కింద ఇటువంటి బండ ఉండటం ఎంతటి దారుణమో వేరే చెప్పనవసరం లేదు.

లెక్క సరిపోయేదెప్పుడు?

లీటరు ఎల్‌.పి.జి.లోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తి కంటె సుమారు నాలుగో వంతు తక్కువ. ఆచరణలో లీటరుకు వచ్చే దూరం ఐదో వంతు దాకా తగ్గుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. లీటరు పెట్రోలు 100 రూపాయలు, గ్యాసు 60 రూపాయలు అనుకుందాం. కారు పెట్రోలు మీద 15 కిలోమీటర్లు, గ్యాసు మీద 12 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 6 రూపాయల 67 పైసలు, గ్యాసు ఖర్చు 5 రూపాయలు. ఆదా 1 రూపాయి 67 పైసలు. కిట్టుకు 30,000 రూపాయలు అయితే, ఆ సొమ్ము తిరిగి రావడానికి 18,000 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 50 కిలోమీటర్లు నడిచే టాక్సీకి ఇది ఏడాది పని. ఆఫీసుకు, అంగడికి రోజుకు 10 కిలోమీటర్లు నడిచే సొంత కారుకు సుమారు ఐదేళ్ళు. ఈలోగా గ్యాసు ధర 80 రూపాయలకు చేరితే ఆదా శూన్యం. అంటే పెట్రోలు ధరలో ఐదింట నాలుగు వంతులకు గ్యాసు ధర చేరిన నాడు కిట్టు వ్యర్థమే.

ఈ ధర మన చేతిలో ఉన్నది కాదు. దేశానికి కావలసిన ఎల్‌.పి.జి.లో సగానికి పైగా దిగుమతి అవుతున్నది. అందులో అధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి వస్తున్నది. సౌదీ కంపెనీ నెలనెలా ప్రకటించే ధరే దీనికి ఆధారం. అందువల్ల పశ్చిమాసియాలో అలజడి రేగితే పెట్రోలుతోపాటు గ్యాసూ ప్రియమవుతుంది.

కాగితాల చిక్కు

కిట్టు అమర్చగానే పని అయిపోదు. ఆ కిట్టుకు పుణెలోని ఏ.ఆర్‌.ఏ.ఐ. వంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఆ ఆమోదం సదరు వాహనానికి, ఇంజను సామర్థ్యానికి వర్తించేదై ఉండాలి. ట్యాంకు నిర్ణీత గడువులలో పరీక్ష పొందాలి. రవాణా శాఖ రిజిస్ట్రేషను పత్రంలో ఇంధనం మార్పును నమోదు చేయించుకోవాలి. బీమా కంపెనీకి తెలియజేసి పాలసీలో చేర్పించుకోవాలి. ఈ చివరి రెండు పనులను ఉపేక్షించేవారే ఎక్కువ. ప్రమాదం జరిగిన తరువాత సర్వేయరు డిక్కీ తెరిచినప్పుడు గాని వారికి ఆ నిర్లక్ష్యపు విలువ తెలిసిరాదు. పాత కారు కొనేవారు పత్రంలోని ఇంధనం గడిని, డిక్కీలోని ట్యాంకును పోల్చి చూసుకోవడం శ్రేయస్కరం.

2020 ఏప్రిల్ నుంచి అమలయిన బి.ఎస్‌.-6 కాలుష్య ప్రమాణాల కార్లకు గ్యాసు కిట్లు అమర్చే అవకాశం తొలుత లేదు. 2022లో కేంద్రం నిబంధనలు సవరించి ఈ వెసులుబాటు కల్పించింది. అయితే ఈ కార్లలోని కంప్యూటరు వ్యవస్థ మరింత సున్నితమైనది. కారు కంపెనీ ఇచ్చిన వారంటీ కిట్టుతో కొనసాగుతుందో లేదో ముందుగా లిఖితపూర్వకంగా తెలుసుకోవలసి ఉంటుంది.

విధానం ఎటు?

పొరుగున ఢాకాలో 2003లో టూ-స్ట్రోకు ఆటోలను తొలగించి సి.ఎన్‌.జి. ఆటోలను ప్రవేశపెట్టారు. మన దేశంలోనూ ఢిల్లీ బస్సులను సి.ఎన్‌.జి.కి మార్చాలని 1998లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కోల్‌కతాలో హైకోర్టు ఆదేశాలతో ఆటోలు ఎల్‌.పి.జి. బాట పట్టాయి. బెంగుళూరు, హైదరాబాదులలోనూ ఆటోలే ఈ ఇంధనానికి ప్రధాన ఖాతాదారులు. సొంత కార్ల విషయం వేరు. 2006లో మారుతి వాగన్-ఆర్ డ్యుయో వంటి నమూనాలు ఫ్యాక్టరీ నుంచే కిట్టుతో వచ్చాయి గాని, ఆ తరువాత కంపెనీల మొగ్గు సి.ఎన్‌.జి. వైపు తిరిగింది. గ్యాసు బంకులు నగరాలలో తప్ప అంతగా కానరావు. దూర ప్రయాణంలో మళ్ళీ పెట్రోలే గతి.

వంటగ్యాసు మళ్ళింపును అరికట్టడానికి 2012లో సబ్సిడీ బండల సంఖ్యకు పరిమితి పెట్టారు. 2015 జనవరి నుంచి సబ్సిడీని దేశమంతటా నేరుగా బ్యాంకు ఖాతాలలో జమ చేసే పద్ధతి వచ్చింది. నల్లబజారుకు దీనితో కొంత అడ్డుకట్ట పడింది. కాని గృహ అవసరాల గ్యాసుపై 5 శాతం, ఇతర వినియోగంపై 18 శాతం జి.ఎస్‌.టి. ఉన్నంత కాలం, ధరలలో తేడా మిగిలి ఉన్నంత కాలం ఆ ప్రలోభం పూర్తిగా పోదు. ఆటో ఎల్‌.పి.జి.పై పన్ను తగ్గించి, బంకులు పెంచితే అక్రమ రీఫిల్లింగు షెడ్లకు గిరాకీ తనంతట తానే తగ్గుతుంది. దాడులు, కేసులు ఈ ఆర్థిక సత్యాన్ని మార్చలేవు.

అంతవరకు కారు యజమాని చేయగలిగినది ఒక్కటే. తాను నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాడో, దగ్గరలో గ్యాసు బంకు ఎంత దూరమో, ఇంజను స్థితి ఏమిటో ముందుగా చూసుకోవాలి. లెక్క కుదిరితే ఆమోదం పొందిన కిట్టును, అర్హత గల వర్కుషాపులో, పత్రాలతో సహా అమర్చుకోవాలి. లెక్క కుదరకపోతే పెట్రోలు మీదనే నడుపుకోవడం మేలు. వంటింటి బండను డిక్కీలో పెట్టుకుని మిగుల్చుకునే రూపాయలకు పూచీగా నిలిచేది వెనుక సీటులో కూర్చున్న కుటుంబమన్న సంగతి మరువరాదు.